ల్యాంపురూం మామ

యిర్మియా కొత్తవాళ్ళను ఏ ఊరని అడగడు, ఏం పనని అడగడు. "మీ భాషల మామ అంటే ఏంది?" అని అడుగుతాడు. ఒడిశా నుంచి కాంట్రాక్టు పనికి వచ్చినవాళ్ళు టీ గ్లాసులు చేత పట్టుకొని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. లారీ డ్రైవరైతే ఈ పెద్దాయన తనను తిడుతున్నాడో, వరస కలుపుతున్నాడో తేల్చుకోలేక గబగబా టీ తాగి వెళ్ళిపోతాడు. పక్కనే కూచున్న నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

నా పేరు సదానందం. గోదావరిఖనిలో కాలనీ బడిలో ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది, నేను కాదనను. తప్పు మాట చెవిన పడితే నాకు అన్నం సయించదు. అలాంటి నాకు దేవుడు ఇచ్చిన పక్కింటివాడు యిర్మియా. రోజూ సాయంత్రం, ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ళు అయిపోయి తలుపులు అదరడం ఆగాక, మా రెండు క్వార్టర్ల మధ్య ఉన్న సిమెంటు బల్ల మీది దుమ్ము తువ్వాలుతో దులిపి, నాకు సగం వదిలి కూచుంటాడు. చంకలో ఒక రిజిస్టరు ఉంటుంది.

ఆ రిజిస్టరు సంగతి చెప్పాలంటే ముందు ఆయన ఉద్యోగం చెప్పాలి. బొగ్గుబాయిలోకి దిగే ప్రతి మనిషి టోపీకి ఒక దీపం ఉండాలి. ఆ దీపాలన్నీ బాయి మీద ల్యాంపురూంలో ఉంటాయి. కిటికీ దగ్గరికి వచ్చి నంబరు బిళ్ళ ఇస్తే లోపలి మనిషి ఆ నంబరు దీపం ఇస్తాడు, షిఫ్టు అయ్యాక తిరిగి తీసుకుంటాడు. రిజిస్టరులో రెండు గళ్ళు: ఇచ్చింది, వచ్చింది. దీపం వాపసు వస్తే రెండో గడిలో ఒక టిక్కు, పక్కన టైము. చూడ్డానికి అంతే పని. కానీ దానికొక నియమం ఉంది. ఒక్క దీపం తక్కువైనా కిటికీ మూయకూడదు. దీపం రాలేదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. యిర్మియా ముప్పై ఏడేళ్ళు ఆ కిటికీలో కూచున్నాడు. తన డ్యూటీ అయిపోయినా చివరి టిక్కు పెట్టందే ఇంటికి వచ్చేవాడు కాదు. ఆయన భార్య యేసమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి, "మా ఆయన టిక్కులే తింటడు, ఆయనకు అన్నమెందుకు" అని తిట్టుకునేది.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆయన పేరు పోయింది. అంతకుముందు ఆ కిటికీలో గట్టయ్య అనే పెద్దమనిషి ఉండేవాడు. అందరూ ఆయన్ని మామ అనేవాళ్ళు. ఆయన లేచి ఇరవై నాలుగేళ్ళ యిర్మియాను కూచోబెట్టగానే, తండ్రి వయసు వాళ్ళు కూడా వచ్చి "మామా, దీపం" అన్నారు. ఇతను బిత్తరపోయాడు. "పేరు నాది గాదు బిడ్డా, కిటికీది. ఎవలు కూసుంటె వాళ్ళకొస్తది" అన్నాడట గట్టయ్య. బాయి మీద ఎవరూ ఎవరినీ ఉత్త పేరు పెట్టి పిలవరు. అన్న, బావ, కాక, ఏదో ఒక వరస కలపాల్సిందే. కలిపిన వరస చచ్చేదాకా మారదు. పెళ్ళికి వచ్చినా చావుకు వచ్చినా ఆ వరసతోనే వస్తారు. అలా ఊరు ఊరంతా యిర్మియాకు అల్లుళ్ళే అయిపోయారు.

కానీ అసలు సంగతి ఏమిటంటే, యిర్మియాకు తోబుట్టువు ఒక్కరూ లేరు. యేసమ్మ అన్న పిల్లలు మామయ్యా అంటారు, అది పెళ్ళితో వచ్చిన మామతనం. మేనమామ వేరు. పిల్లకు పుట్టెంట్రుకలు తీసేటప్పుడు ఒళ్ళో కూచోబెట్టుకొని మొదటి కత్తెర పెట్టేది మేనమామే. పెళ్ళిలో బుట్టలో పెట్టి తెచ్చేదీ మేనమామే. "సారూ, ఇంతమంది మామ అన్నరు. ఒక్క పోరి గూడ నా ఒళ్ళె కూసోలె" అన్నాడు ఒకసారి. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక రిజిస్టరు. మూడేళ్ళ క్రితం రిటైరైన రోజు ఆయన ఆఫీసులో అడిగి తెచ్చుకున్నది శాలువా కాదు, ఒక ఖాళీ ల్యాంపురూం రిజిస్టరు. ఎందుకో ఆయనకే తెలియదు. చాలా రోజులు అది బీరువా మీదే ఉంది. ఆ తరవాత ఒక ఆదివారం, ఎదురు వరస క్వార్టరులోని క్రిస్టినా వీడియో కాల్లో కనిపించింది. ఆ పిల్ల జార్జియా దేశంలో డాక్టరు చదువుతోంది. ఈయన్ని చూసి, "మామా, ఈడ మామ అంటే నాన్న, తెల్సా? అమ్మను దేదా అంటరు" అంది. యిర్మియా ఫోను పట్టుకొని అలాగే నిలబడిపోయాడు. "నాన్ననా? మామ అంటే నాన్ననా?" అని మూడుసార్లు అడిగాడు. మరునాడు సాయంత్రం రిజిస్టరుతో బల్ల మీదికి వచ్చాడు. 'ఇచ్చింది' గడిలో జార్జియా అని రాసి ఉంది. 'వచ్చింది' గడిలో నాన్న.

అక్కడితో మొదలైంది. చర్చి సభలకు కెన్యా నుంచి ఒక బోధకుడు వస్తే, ప్రార్థన అయ్యీ కాకముందే ఆయన చెయ్యి పట్టుకొని అడిగాడు. వాళ్ళ స్వాహిలీలో మామ అంటే అమ్మ. రామగిరి దిక్కు బాయిలో యంత్రం బిగించడానికి వచ్చిన చైనా ఆయన కూడా అమ్మే అన్నాడు, కాకపోతే రాగం తప్పితే వేరే మాటైపోతుందని పది నిమిషాలు ఈయనతో సాధన చేయించాడు. ఎరువుల కార్ఖానకు వచ్చిన జపాన్ ఇంజనీరు చాలాసేపు ఆలోచించి, తమకు మమ్మీ అనే అర్థం ఉంది గానీ అంతకన్నా పాత మాట ఇంకొకటి ఉందని, దాని అర్థం 'ఎలా ఉన్నది అలాగే' అని చెప్పాడు. మసీదు వెనక వీధిలో ఉండే ఖాజాబీ, వెనకట పెద్ద ఇళ్ళలో వండిపెట్టి పిల్లలను సాకే ఆడమనిషిని ఉర్దూలో మామా అనేవాళ్ళంది. అన్నీ రిజిస్టరులోకి ఎక్కాయి. జపాన్ ఎదురుగా 'ఎట్లున్నది గట్లనే' అని రాసుకొని ఆయన వారం రోజులు మురిసిపోయాడు.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. "ఇవన్నీ ఒక్క మాట కాదయ్యా" అని అరిచాను. "జార్జియా భాషకూ మన భాషకూ చుట్టరికం లేదు. చైనా వాళ్ళకు ఈ రెంటితోనూ లేదు. జపాన్ వాళ్ళదైతే ఎక్కడి మాటో. ముఖాలు కలిసినంత మాత్రాన అన్నదమ్ములైపోతారా?"

"మరి అందరి నోట్లకు గదే మాట ఎట్లొచ్చింది సారూ?"

చెప్పాను. పసిపిల్ల పెదవులు కలిపి విడిస్తే అన్నిటికంటే ముందు వచ్చే చప్పుడు అది. పసిపిల్లల నోరు ఏ దేశంలోనైనా ఒక్కటే. ఆ చప్పుడు విని ఒకచోట తల్లి తనను పిలిచిందనుకుంది, ఇంకోచోట తండ్రి తననే అనుకున్నాడు. ఎవరికి వాళ్ళు అర్థం తగిలించుకున్నారు. మన మామ సంస్కృతం నుంచి ఇటు వచ్చిందో, మన దగ్గరి నుంచి అటు పోయిందో, నేను చదివిన పుస్తకాల్లో ఒకటి ఇటంటే ఒకటి అటంది.

యిర్మియా తన పెదవులు రెండుసార్లు కలిపి విడిచి చూసుకున్నాడు. "అంటే పిల్ల నిజంగ ఎవలను పిలుస్తలేదు. దగ్గర కూసున్నోడు నన్నే అనుకుంటడు. గంతేనా?"

"అంతే."

"మంచిగున్నది సారూ. అయితే దగ్గరుండాలె, గంతే కద" అన్నాడు.

ఇన్ని భాషలు ఎక్కినా రిజిస్టరులో అన్నిటికన్నా పైవరస ఖాళీగా ఉండేది. 'ఇచ్చింది' గడిలో తెలుగు అని రాసి, ఎదురుగా ఏమీ రాయలేదు. మేనమామ అని రాయవయ్యా అని ఎన్నిసార్లు గదమాయించానో లెక్కలేదు. "రాయరాదు సారూ. వాపసు రాని దీపానికి టిక్కు పెడితె నౌకరి పోతది" అనేవాడు. నాకు మొండితనంగా తోచింది. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేమీ నామోషీ లేదు.

ఆయన తరవాత ఆ కిటికీలోకి వచ్చిన మనిషి జమున. ఆమె తండ్రి సదయ్య బాయిలో బొగ్గు తొట్లను లాగే హాలరు నడిపేవాడు. ఆరోగ్యం చెడి పనికి రాడని తేలాక ఉద్యోగం కూతురికి వచ్చింది. జమునకు తల్లి చిన్నప్పుడే పోయింది. అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. పిల్లగా ఉన్నప్పుడు తండ్రి చెయ్యి పట్టుకొని ల్యాంపురూం దాకా వచ్చి, అందరి లాగే తనూ మామా అనేది. యిర్మియా రిటైరయ్యే ముందు నెల రోజులు పక్కన కూచోబెట్టుకొని ఆమెకు పని నేర్పాడు. ఏం నేర్పావని అడిగితే, "కిటికీ మూయకుండ కూసునుడు" అన్నాడు. ఆ మరుసటి ఏడు జమునకు కిషన్‌తో పెళ్ళయింది. అతను సొంత బండి నడుపుతాడు. అత్త పోశవ్వ రామగిరి వైపు పల్లెలో వ్యవసాయం చేసుకుంటూ ఉండి, మనవరాలు పుట్టాక వీళ్ళ దగ్గరికి వచ్చింది. బాయి సంగతులు ఆమెకు తెలియవు. సదయ్య పోయిన ఏడు చనిపోయాడు.

ఈ వేసవిలో ఒక సాయంత్రం జమున పిల్లను చంకనేసుకొని మా బల్ల దగ్గరికి వచ్చింది. పిల్లకు పదకొండో నెల. పుట్టెంట్రుకలు వేములవాడ రాజన్నకు మొక్కుకున్నారు, అందుకే పోశవ్వ ఆ పిల్లను రాజవ్వ అనే పిలుస్తుంది.

"మామా, అమ్మగారి దిక్కు నాకెవ్వలు లేరు. నీకు ఎరికే గద. రాజవ్వ ఎంటికలు నువ్వే తియ్యాలె" అంది జమున.

యిర్మియా లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. రెండు నిమిషాలకు యేసమ్మ బయటికి వచ్చింది. "ఏమన్నరమ్మా మా ఆయనను? గోడ దిక్కు తిరిగి ఏడుస్తున్నడు."

జమున భయపడుతూ విషయం చెప్పింది. నేనూ బిగుసుకొని కూచున్నాను. యేసమ్మ ఆదివారం చర్చి తప్పితే ఇల్లు పీకి పందిరేసే మనిషి. గుడికి పంపుతుందా? ఆమె మాత్రం పిల్ల తల మీద చెయ్యి పెట్టి చూసి, "నెత్తి నిండ ఎంటికలున్నయి. తీసినంక మొకం పెద్దగ కనబడ్తది. గౌను మెడ సన్నగున్నది తేవద్దు" అంది. మరునాడే ఆయన్ని వెంటేసుకొని లక్ష్మీనగర్ బజారుకు పోయి, మేనమామ తన చెల్లెకు పెట్టాల్సిన చీర, పిల్లకు గౌను బేరమాడి తెచ్చింది. ఆ చీర రంగు బాగాలేదని తనే మళ్ళీ పోయి మార్చుకొచ్చింది.

యిర్మియా సాధనలో పడ్డాడు. పచ్చి మొక్కజొన్న కంకిని పీచుతో సహా ఒళ్ళో నిలబెట్టుకొని, చిన్న కత్తెరతో ఆ పీచు కొంచెం కొంచెం కత్తిరిస్తాడు. కంకి కదిలితే "నా తల్లి, కొంచెం ఆగు" అంటాడు. నేను నవ్వితే కోపం. ఆ వారంలో మా వాడకట్టులో ఎవరింట్లో కంకులు ఉడికినా ముందు ఈయన చేతిలో క్షవరం అయిన తరవాతే ఉడికాయి.

ఇంత బాగా సాగుతున్నదాన్ని చెడగొట్టింది నేను.

ఒక రోజు సాయంత్రం పోశవ్వ నేరుగా నా దగ్గరికి వచ్చింది. యిర్మియా బల్ల అటు చివర కంకితో కూచొని ఉన్నాడు. ఆమె మతం సంగతి ఎత్తుతుందేమోనని జవాబులు సిద్ధం చేసుకుంటున్నాను. ఆమె ఆ మాటే అనలేదు. "రాజన్న ఎవ్వలను రావద్దన్నడు?" అని తనే ఒకసారి అన్నదట. ఆమె పేచీ వేరు.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు. మా జమున ఈయనను ఏమంటది?"

"మామ అంటుంది."

"తల్లికి మామ అయినోడు బిడ్డకు ఏమైతడు?"

బడిలో ప్రశ్న అడిగినట్టే ఉంది. జవాబు తెలిసినప్పుడు ఆగడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. "తాత అవుతాడు" అన్నాను.

"తాత కత్తెర వట్టుడు ఏడన్న ఉన్నదా?"

"లేదు" అన్నాను. అన్నాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. యిర్మియా కంకిని బల్ల మీద పెట్టి, కత్తెరను జేబులో వేసుకొని లేచాడు. "సారు చెప్పింది రైటే అవ్వా" అన్నాడు, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

కొత్తగూడెంలో జమున పెద్దమ్మ కొడుకు జగదీశ్వర్ ఉన్నాడు, వరసకు అన్న. చెల్లెలి పెళ్ళికి కూడా రాని మనిషి. అతనికి ఫోను చేయిస్తానని పోశవ్వ వెళ్ళిపోయింది.

జమునకు తెలిసి పరుగున వచ్చింది. నన్నేమీ అనలేదు, అంటే బాగుండేది. అత్త దగ్గర మాత్రం ఏడ్చి మొత్తుకుందట, రేపటి నుంచి ఆయన్ని అన్నా అని పిలుస్తానని. పోశవ్వ ససేమిరా అంది. "నీ నోటితోటి నువ్వు మార్సుకుంటె వరస మార్తదా? వరస అంటే నలుగురు అనేది." రెండో రోజు నేను వెళ్ళాను. ఊళ్ళో కలుపుకున్న వరసకు అంత పట్టింపు అక్కరలేదని ఏవేవో చెప్పాను. "మొన్న నువ్వే గద చెప్పినవ్ తాత అని? పంతులువైనంక ఒక్క మాట మీదుండాలె" అని నా ముఖం మీదే అనేసింది. నాకు కోపం వచ్చింది గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేముంది?

నాలుగు రోజులు యిర్మియా బల్ల మీదికి రాలేదు. నేను ఒక్కణ్ణే తువ్వాలుతో దుమ్ము దులుపుకొని కూచున్నాను, సగం వదిలిపెట్టి. ఆ నాలుగు రోజుల్లో నాకు తెలిసింది ఏమిటంటే, నాకు ఊళ్ళో ఇంకెవరూ స్నేహితులు లేరు. యేసమ్మ గిన్నె కడుగుతూ నాకు వినపడేలా, "చీర వాపసు తీస్కుంటరో లేదో" అనేది. ఆయన ఎలా ఉన్నాడని అడిగితే, "మంచిగనే ఉన్నడు. మామూలుగ తింటున్నడు. మాట్లాడుతలేడు, గంతే" అంది.

అయిదో రోజు మధ్యాహ్నం రాజవ్వ పాలు తాగక, గుక్క పట్టి ఏడవడం మొదలుపెట్టిందట. తల్లి డ్యూటీలో ఉంది. పోశవ్వకు కాళ్ళూ చేతులూ ఆడక, పిల్లను ఆటోలో వేసుకొని బాయి మీదికే పోయింది. అప్పుడే షిఫ్టు మారుతోంది. గేటు దగ్గరి మనిషి జాలిపడి ఆమెను ల్యాంపురూం గోడ నీడన కూచోబెట్టాడు. తల్లిని చూశాక పిల్ల ఊరుకుందట. అక్కడ ఇంకా ఏం జరిగిందో సాయంత్రం ఆమె మా బల్ల దగ్గరికి వచ్చి చెప్పింది. చెప్పేముందు యిర్మియా తలుపు కొట్టి, "బయటికి రా, నీతోటే పని" అని పిలిచింది. ఆయన గడప మీద నిలబడ్డాడు, వెనక యేసమ్మ.

"సారూ, మీసాలోళ్ళు, నా కొడుకు కన్న పెద్దోళ్ళు, లైన్ గట్టిన్రు. ఒక్కొక్కడు కిటికీల మొకం వెట్టి మామా దీపం, మామా దీపం! లోపల ఎవలున్నరా అని జూస్తె మా జమున! ఆడపిల్లను వట్టుకొని మామ అంటరా, మీకు సోయి లేదా అని నేను లొల్లి వెట్టిన. బుచ్చన్న అట ఆయన పేరు, తెల్లమీసాలోడు, నవ్వవట్టె. 'గండ్ల లొల్లి ఏమున్నదవ్వా? యిర్మియా మామ దిగిపోయె, ఈ మామ వచ్చె. మాకు ఆయనా మామే, ఈమే మామే' అన్నడు. అందరు గదే అన్నరు. మా పోరి గూడ సప్పుడు చెయ్యకుండ దీపాలిస్తనే ఉన్నది, అలవాటైనట్టున్నది."

ఆమె ఊపిరి పీల్చుకొని నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు సారూ. ఒక్క మనిషికి ఇద్దరు మామలుంటె ఆ ఇద్దరు ఒకలకొకలు ఏమైతరు?"

"అన్నదమ్ములు" అన్నాను.

"ఇండ్ల ఒకలు ఆడది."

"అయితే అన్నాచెల్లెళ్ళు."

"నేనొక్కదాన్నే అంటలేను. బాయి బాయంత అంటున్నది. ఆ ముచ్చట మొన్ననే చెప్పకపోతివి?"

నిజానికి ఇద్దరు మామలు బావమరుదులైనా కావచ్చు, ఎవరో ఒకరు పిల్లనిచ్చిన మామైనా కావచ్చు. లెక్క ప్రకారం ఇంకో రెండు దారులున్నాయి. నాలుక చివరిదాకా వచ్చింది. జీవితంలో మొదటిసారి తెలిసిన జవాబు మింగేసి, "నాకు తట్టలేదు పోశవ్వా" అన్నాను. పేరు కిటికీదని యిర్మియా నాకు పదిసార్లు చెప్పాడు. ఆ కిటికీలో జమున కూచుంటుందని నాకు తెలుసు. మీసాలవాళ్ళు ఆమెను ఏమని పిలుస్తారో అడగాలని ఒక్కనాడూ తోచలేదు.

"ఆ కొత్తగూడెపాయనకు రావద్దని చెప్పిన" అంది పోశవ్వ యిర్మియాతో. "మాట ఇచ్చుడే తప్ప వచ్చేటోని లెక్క లేడు. బేస్తారం పొద్దుగాల బండి ఎక్కాలె. కత్తెర మర్సిపోకు అన్నా."

ఆమె కూడా అన్నా అనేసింది. ఆ రోజు ఆమెకు వరసల మీద పట్టు కొంచెం సడలినట్టుంది. యిర్మియా సరేనని తల ఊపాడు. యేసమ్మ ఆయన వెనక నుంచి, "చీర వాపస్ ఇయ్యలె, మంచిదైంది" అంది.

గురువారం కిషన్ బండిలో మేమంతా వేములవాడ చేరేసరికి తొమ్మిదయింది. తలనీలాల మండపం కిటకిటలాడుతోంది. ఎక్కడ చూసినా పసిపిల్లల ఏడుపులు, తడి నేల, గంధం పూసిన గుండ్లు. మంగలి ఆయన పీట వేసి, మేనమామ రావాలన్నాడు. యిర్మియా కొంచెం దూరంగా, తెల్లచొక్కా వేసుకొని, గౌను సంచీ గుండెకు హత్తుకొని జనాన్ని చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా" అని పిలిచింది జమున.

పదిమంది అన్నలు వెనక్కి తిరిగారు. యిర్మియా తిరగలేదు.

"అన్నా, ఇటు రా."

ఊహూఁ. ముప్పై ఏడేళ్ళు మామా అంటేనే తిరిగిన మెడ అది. ఈ లోకంలో ఆయన్ని అన్నా అని పిలిచే చెల్లెలు ఇన్నాళ్ళూ లేదు. పిలుపు తనకేనని ఆయనకెలా తెలుస్తుంది? మంగలి ఆయన విసుక్కుంటున్నాడు. జమున గొంతు పెంచి, "యిర్మియా అన్నా! నిన్నే! నీ కోడలు కూసున్నది, రా!" అని అరిచింది. అప్పుడు తిరిగాడు. ఆ ముఖం నేను చెప్పలేను. నాకు మాటలు వచ్చునని గర్వం ఉండేది, అక్కడ పోయింది.

పీట మీద కూచున్నాడు. రాజవ్వను ఒళ్ళో పెట్టారు. మామ భార్య అత్తే కాబట్టి, వెంట్రుకలు పట్టడానికి కొంగు చాచి యేసమ్మ ఎదురుగా కూచుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఆమె ప్రార్థన ఆమె చేసుకుంటోంది. పిల్ల తల పైకెత్తి ఆయన కళ్ళద్దాలు లాగి, పెదవులు కలిపి విడిచి, "మ్మామ్మా" అంది.

"నన్నే" అంది జమున. "నాయనమ్మను గాదా" అంది పోశవ్వ. యిర్మియా నా వైపు చూశాడు. ఆ రోజు బల్ల మీద నేను చెప్పిన శాస్త్రం ఆయనకు అక్షరం అక్షరం గుర్తుంది, నాకు తెలుసు.

"నిన్నే పిలిచింది" అన్నాను.

కంకుల మీద అంత సాధన చేసినా, మొదటి పాయకు కత్తెర రెండుసార్లు జారింది. మంగలి ఆయన తాను పడతానని చెయ్యి చాపితే పోశవ్వ ఆ చెయ్యి తోసేసింది. మూడోసారి పడింది. గోరంత నల్లటి పాయ యేసమ్మ కొంగులో రాలింది. ఆయన తల ఎత్తి, "సారూ, టైమెంత?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంతటి గడియలో ఈయనకు టైముతో ఏం పని? "పది ఇరవై" అన్నాను. ఆయన నోట్లోనే ఒకసారి అనుకొని, మేనమామ వంతు అయిదు పాయల్లో మిగతా నాలుగూ తీశాడు. పిల్లను మంగలికి అప్పగించాక కూడా రెండు చేతులూ ఒళ్ళోనే ఉంచుకొని కూచున్నాడు, బరువు ఇంకా అక్కడే ఉన్నట్టు.

మరునాడు సాయంత్రం పేలుళ్ళు ఆగాక బల్ల దులిపి కూచున్నాడు. నేను వెళ్ళేసరికి రిజిస్టరు తెరిచి ఉంది. నాకు కనపడేటట్టు నా వైపు తిప్పాడు. పైవరసలో, తెలుగు అని రాసిన దానికి ఎదురుగా, ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న గడిలో, అమ్మ, నాన్న అని మిగతా వాటికి రాసినట్టు అర్థమేమీ రాయలేదు. ఒక టిక్కు పెట్టాడు. పక్కన టైము: 10.20.

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. దాచుకోలేదు.

"ఇగ కిటికీ మూస్త సారూ" అన్నాడు యిర్మియా, రిజిస్టరు మూసి నన్ను దగ్గరికి జరగమని సైగ చేస్తూ. "అందరొచ్చిన్రు."